టీవీ న్యూస్‌లోకి రావాలనుకునేవాళ్లకు: డెస్క్ నుంచి లైవ్ దాకా

మైకు చేతిలో ఉంది, చెవిలో ఇయర్‌పీస్ ఉంది, అవతల స్టూడియో నుంచి ‘పది సెకన్లలో మీ దగ్గరికి వస్తున్నాం’ అన్నారు. ఆ పది సెకన్లలో అక్కరకొచ్చేది గొంతు కాదు, ముఖం కాదు, వేసుకున్న బట్టలు అసలే కాదు. ఇక్కడ నేను కళ్లారా చూసిందేంటి, ఎవరో చెప్పగా విన్నదేంటి, ఇంకా తెలియనిదేంటి అనే మూడు లెక్కలు తలలో విడివిడిగా ఉంటే మాట దానంతటదే వస్తుంది. అవి కలగాపులగమైతే ఎంత మంచి గొంతున్నా నోట్లోంచి తప్పే వస్తుంది. ఈ రంగంలోకి వస్తామని అడిగే పిల్లలందరికీ నేను మొదట చెప్పేది ఇదే, ఎందుకంటే చాలామంది యాంకర్ కుర్చీని చూసి వస్తారు, ఆ కుర్చీ వెనక ఉన్న పని ఎవరికీ కనబడదు. ఇరవై ఏళ్లుగా ఆ పనిలోనే ఉన్నాను కాబట్టి, నాకు పనికొచ్చినవి, ఎవరైనా ముందే చెప్పి ఉంటే బాగుండుననిపించినవి ఇక్కడ రాస్తున్నాను.

ముందు డెస్క్‌లో కూర్చోండి

జర్నలిజం డిగ్రీ ఉంటే మంచిదే, లేకపోతే దారి మూసుకుపోదు. నిజానికి ఎకనామిక్స్ చదివినవాళ్లు బడ్జెట్ రోజున, లా చదివినవాళ్లు పెద్ద తీర్పు వచ్చిన రోజున న్యూస్‌రూమ్‌లో ఎంత విలువైనవాళ్లో చూస్తే తెలుస్తుంది. ఏదో ఒక విషయం లోతుగా తెలిసి ఉండటం, దాన్ని మామూలు మాటల్లో చెప్పగలగడం, ఈ రెండూ కావాలి. ఉద్యోగానికి వెళ్తే చాలాచోట్ల పెట్టే పరీక్ష ఒకటే రకం: గజిబిజిగా ఉన్న సమాచారం ఒక పేజీ ఇస్తారు, పావుగంటలో అరనిమిషం వార్తగా రాయమంటారు. అందులో అవసరంలేని వివరాలు కావాలనే కలిపి ఉంచుతారు, ఏది వదిలేశారో చూస్తారు. దీనికి ఇంట్లోనే తయారుకావచ్చు. పొద్దున పేపర్లో పెద్ద వార్త ఒకటి తీసుకుని ఆరు వాక్యాల్లో రాయండి, పైకి చదివి ఫోన్‌లో రికార్డు చేయండి, ఒక గంట తర్వాత వినండి. అలా నెల రోజులు చేస్తే మీ తప్పులు మీకే వినబడతాయి.

ఉద్యోగం రాగానే ఫీల్డ్‌కి పంపమని గొడవ చేయకండి. కనీసం ఆరు నెలలు డెస్క్‌లో ఉండండి. రిపోర్టర్ల దగ్గర్నుంచి వార్తను లోపలికి తెచ్చేది ఇన్‌పుట్ డెస్క్, దాన్ని రాసి, కట్ చేయించి, బులెటిన్‌లో పెట్టేది అవుట్‌పుట్ డెస్క్. ఈ రెండూ తెలియకుండా ఫీల్డ్‌కి వెళ్లిన రిపోర్టర్ నలభై నిమిషాల ఫుటేజీ పంపించి ‘అంతా ఉంది చూసుకోండి’ అంటాడు. డెస్క్ చేసి వెళ్లినవాడైతే ఏడు నిమిషాలు పంపించి, ఏ బైట్ (కెమెరా ముందు ఒకరు చెప్పిన మాట) ఎక్కడుందో టైమ్ రాసి పంపుతాడు. ఎవరి వార్త ముందు ఎయిర్‌లోకి వెళ్తుందో వేరే చెప్పక్కర్లేదు. స్క్రోల్, అంటే తెర అడుగున పరిగెత్తే వార్త, రాయడాన్ని చిన్నచూపు చూడకండి, ఎనిమిది మాటల్లో ఎవరు, ఏం, ఎక్కడ అన్నది తప్పు లేకుండా రాయడం అంత తేలిక కాదు. డ్యూటీ అయిపోయాక ఒక బులెటిన్ మొత్తం పీసీఆర్‌లో (ప్రసారాన్ని నడిపించే కంట్రోల్ రూమ్‌లో) వెనక నిలబడి చూడండి. రన్‌డౌన్‌లో, అంటే బులెటిన్ వార్తల వరుసలో, ఆరో ఐటమ్‌గా ఉన్న వార్త ఒక్క ఫోన్ కాల్‌తో ఎలా మొదటికి వస్తుందో, మీరు రెండు నిమిషాలు ఆలస్యంగా పంపిన విజువల్స్ వల్ల అక్కడ ఎంతమంది టెన్షన్ పడతారో అప్పుడు అర్థమవుతుంది.

బొమ్మ చెప్పింది మళ్లీ చెప్పకండి

టీవీకి రాయడమంటే ఏంటో నాకు ఒక అగ్నిప్రమాదం దగ్గర తెలిసింది. కాలిపోయిన దుకాణాల వరుస ముందు ఒకావిడ కూర్చుని ఏడుస్తోంది. నేను రాసిన వాక్యం: ‘సర్వం కోల్పోయిన బాధితులు కన్నీరుమున్నీరవుతున్నారు.’ మా డెస్క్ ఇన్‌ఛార్జి దాన్ని కొట్టేసి, ఏడుస్తున్నట్టు కనబడుతూనే ఉంది కదమ్మా, కనబడనిదేదో చెప్పు అన్నారు. నోట్‌బుక్ తిరగేస్తే ఆవిడ చెప్పిన మాట ఒకటి ఉంది. అదే రాశాను: ‘లోపల ఆమె కుట్టుమిషన్ ఉంది. ఇంకా రెండు వాయిదాలు కట్టాలి.’ అంతే. ఆ రోజు నుంచి నేను స్క్రిప్ట్ రాసేటప్పుడు ముందు విజువల్స్ చూస్తాను, తర్వాతే రాయడం మొదలుపెడతాను. పేరు, వయసు, కారణం, నిన్న ఏం జరిగింది, రేపు ఏం జరగబోతోంది అన్నవి చెప్పడం కెమెరా వల్ల కాదు. మీ మాటలు అక్కడికి వెళ్లాలి.

దీనికి ప్రపంచమంతా చెప్పుకునే ఉదాహరణ 1984 అక్టోబరు 23న బీబీసీలో వచ్చిన ఇథియోపియా కరవు రిపోర్టు. రిపోర్టర్ మైఖేల్ బ్యూర్క్, కెమెరా మొహమ్మద్ అమీన్. అరుపులు లేవు, విశేషణాల వరద లేదు. తెల్లవారుజామున మైదానంలో పడి ఉన్న జనం మీదుగా కెమెరా నెమ్మదిగా కదులుతుంటే బ్యూర్క్ తక్కువ మాటలతో, నింపాదిగా చెప్పుకుంటూ పోతాడు. ఆ దృశ్యాలు చూసి కదిలిపోయినవాళ్లలో గాయకుడు బాబ్ గెల్డాఫ్ ఒకరు, 1985 జులై 13న జరిగిన లైవ్ ఎయిడ్ కచేరీలకు బీజం అక్కడే పడింది. కొత్తవాళ్లు ఒకసారి దాన్ని సౌండ్ తీసేసి, ఇంకోసారి కళ్లు మూసుకుని మాటలు మాత్రమే విని చూడాలి. బొమ్మా మాటా ఎక్కడ ఒకదాని పని ఇంకొకటి చేయకుండా ఉన్నాయో దొరుకుతుంది.

ఇక రోజువారీ పనికి వస్తే, ప్యాకేజీ (విజువల్స్, వాయిస్, బైట్లు కలిపి ఎడిట్ చేసిన వార్త) మామూలుగా ఒకటిన్నర నుంచి రెండు నిమిషాలు, పీటీసీ (రిపోర్టర్ కెమెరా వైపు చూస్తూ చెప్పే మాట) పదిహేను ఇరవై సెకన్లు, బైట్ కూడా అంతే. బైట్‌లో సమాచారం పెట్టకండి, సమాచారం మీరు ఇంకా క్లుప్తంగా చెప్పగలరు. ఆ మనిషి మాత్రమే చెప్పగలిగింది, అంటే తన అనుభవం, తన అభిప్రాయం, తన కోపం, అది బైట్‌కి ఉంచండి. యాంకర్ లీడ్‌లో, అంటే వార్తకు ముందు చదివే పరిచయంలో, చెప్పిన వాక్యాన్నే ప్యాకేజీ మొదటి వాక్యంగా రాస్తే ప్రేక్షకుడు అక్కడే రిమోట్ తీసుకుంటాడు. అంకెలు వీలైనంత తగ్గించండి, చెవికి ఒక వాక్యంలో ఒక అంకెకు మించి ఆనదు. కెమెరామన్‌తో స్నేహంగా ఉండండి, ఆయన్ని డ్రైవర్‌లా చూసే రిపోర్టర్లకు మంచి షాట్లు దొరకవు. ప్రతి షాటూ కదలకుండా పది సెకన్లు పట్టుకోమని, ఏమీ మాట్లాడకుండా అర నిమిషం యాంబియెన్స్, అంటే అక్కడి సహజమైన శబ్దం, రికార్డు చేయమని అడగండి. మెషీన్ల చప్పుడు, వాన చప్పుడు, ఖాళీ హాల్లో ప్రతిధ్వని లేకపోతే ఎడిటింగ్‌లో ప్యాకేజీ చచ్చిపోయినట్టు ఉంటుంది.

ఉచ్చారణ గురించి ఒక్క మాట. ళ, ణ, శ, ష, వత్తులు సరిగ్గా పలకడం నేర్చుకోవాల్సిందే, కానీ అంతకంటే ముందు మాట్లాడే తెలుగులో రాయడం నేర్చుకోండి. ‘దుర్మరణం పాలయ్యారు’ అనక్కర్లేదు, ‘చనిపోయారు’ చాలు. ‘కలకలం’, ‘హల్‌చల్’, ‘సంచలనం’ ఈ మూడు మాటలూ లేకుండా ఒక నెల రాసి చూడండి. వాటి స్థానంలో అసలు ఏం జరిగిందో రాయాల్సి వస్తుంది.

లైవ్

లైవ్‌కి ముందు స్క్రిప్ట్ బట్టీ పట్టకండి. బట్టీ పట్టింది మధ్యలో ఒక్క మాట జారితే మొత్తం పోతుంది. మూడు పాయింట్లు అరచేతిలో పట్టే కాగితం మీద మాటలుగా రాసుకోండి, వాక్యాలుగా కాదు. మొదటి వాక్యం మాత్రం స్పష్టంగా అనుకుని ఉండండి. ఇప్పుడు, ఈ నిమిషంలో ఇక్కడ ఏం జరుగుతోందో ఆ వాక్యంలో ఉండాలి, పొద్దుటి నుంచి జరిగిన కథ తర్వాత. వెనక ఏదైనా కనబడుతుంటే దాని వైపు తిరిగి చూపించండి, నడవండి. స్తంభంలా నిలబడి చెప్పే మాట స్టూడియోలోనే చెప్పొచ్చు కదా.

యాంకర్ ప్రశ్నకీ మీ జవాబుకీ మధ్య వచ్చే ఖాళీ చూసి భయపడకండి. లైవ్ సిగ్నల్‌ని మోసే శాటిలైట్ భూమధ్యరేఖకు పైన దాదాపు 35,786 కిలోమీటర్ల ఎత్తులో ఉంటుంది, సిగ్నల్ పైకెళ్లి కిందికి రావడానికే పావు సెకను పడుతుంది, ప్రశ్న కూడా అలాగే వస్తే ఇంకో పావు, దాని మీద ఎన్‌కోడింగ్ ఆలస్యం. మొబైల్ నెట్‌వర్క్ మీద వీడియో పంపే సిమ్ కార్డుల బ్యాక్‌ప్యాక్‌తో చేసే లైవ్‌లో ఇంకా ఎక్కువ కూడా ఉండొచ్చు. కాబట్టి ప్రశ్న పూర్తిగా వినండి, ఒక క్షణం ఆగండి, మాట్లాడండి. వాళ్లు మధ్యలో ఏదో అంటే తడబడి మళ్లీ మొదలుపెట్టకండి, మీ వాక్యం పూర్తి చేసి ఆగండి. ఇయర్‌పీస్‌లో మీ గొంతే కాస్త ఆలస్యంగా మీకు వినబడుతోందంటే నాలుక మడతపడటం ఖాయం. లైవ్‌కి ముందే పీసీఆర్‌కి చెప్పి మీకు వచ్చే ఆడియోలోంచి మీ వాయిస్ తీయించుకోండి. ఇది మొహమాటపడే విషయం కాదు.

యాంకర్ అడిగింది మీకు తెలియకపోతే? ‘ఆ వివరం ఇంకా అధికారులు చెప్పలేదు, మాకు తెలిసినంతవరకు ఇదీ పరిస్థితి’ అనండి. కొత్తలో ఈ మాట నోట రాదు, ఏదో ఒకటి చెప్పకపోతే పని రానివాళ్లం అనుకుంటారేమో అని భయం వేస్తుంది. నేను రెండో ఏడాదిలో ఉండగా ఒక ప్రమాదం దగ్గర ఆ భయంతోనే ఒక పేరు చెప్పేశాను. అక్కడున్న ఒక ఉద్యోగి చనిపోయినవాళ్ల పేర్లంటూ చదివాడు, నేను లైవ్‌లో అదే చదివాను. అతను ఇంకెవరి దగ్గరో విని చదివాడని నాకు తెలియదు, అడగలేదు కూడా. ఆ పేర్లలో ఒకాయన ఆస్పత్రిలో బతికే ఉన్నాడు. వాళ్ల ఇంట్లోవాళ్లు టీవీలో విని గంటన్నర పాటు ఆయన చనిపోయాడనే అనుకున్నారు. సవరణ వేశాం, వెళ్లి క్షమాపణ చెప్పాను, ఆయన భార్య నన్ను తిట్టలేదు, మాట్లాడలేదు. ఇన్నేళ్లయినా ఆవిడ మొహం నాకు గుర్తుంది. అప్పటినుంచి ఎవరేం చెప్పినా నేనడిగే రెండో ప్రశ్న ఒకటే: ‘మీకు ఎలా తెలుసు?’

పెద్ద పెద్ద ఛానళ్లకీ ఇది తప్పలేదు. 2012 జూన్ 28న అమెరికా సుప్రీంకోర్టు ఆరోగ్య బీమా చట్టం మీద తీర్పు ఇచ్చినప్పుడు సీఎన్‌ఎన్, ఫాక్స్ న్యూస్ రెండూ కీలకమైన నిబంధనను కోర్టు కొట్టేసిందని చెప్పేశాయి. తీర్పులో ముందు భాగంలో ప్రభుత్వ వాదన ఒకదాన్ని కోర్టు ఒప్పుకోలేదు, ఆ తర్వాత పేజీల్లో పన్ను విధించే అధికారం కింద అదే నిబంధనను నిలబెట్టింది. చివరిదాకా చదవకుండా చెప్పినందుకు నిమిషాల్లోనే మాట మార్చుకోవాల్సి వచ్చింది. కాబట్టి కోర్టు వార్త అయితే ఆపరేటివ్ భాగం, అంటే అసలు ఉత్తర్వు చదవకుండా ఒక్క మాట కూడా వద్దు. దీనికి ఎదురుగా 1963 నవంబరు 22న అమెరికా ఛానల్ సీబీఎస్‌లో యాంకర్ వాల్టర్ క్రాంకైట్ చేసిన పని చూడండి. కాల్పులకు గురైన అధ్యక్షుడు కెన్నెడీ చనిపోయారన్న కబుర్లు డాలస్ నుంచి వస్తూనే ఉన్నాయి, వాటిని ఆయన దాచలేదు, కానీ ఇంకా ధ్రువీకరణ కాలేదని విడమరిచి చెప్తూ వచ్చాడు. అధికారిక సమాచారం చేతికొచ్చాకే మరణవార్తగా ప్రకటించాడు. తెలిసినదాన్నీ విన్నదాన్నీ వేరుగా పెట్టడం అంటే అదే.

చెప్పడంలోనే కాదు, చూపించడంలోనూ ప్రమాదం ఉంది. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో ఇజ్రాయెల్ క్రీడాకారులను మిలిటెంట్లు బందీలుగా పట్టుకున్నప్పుడు, భవనం పైకి చేరుతున్న పోలీసులు టీవీ ప్రసారంలో కనబడ్డారు, లోపల ఆ మిలిటెంట్లు ఉన్న గదుల్లోనూ టీవీలున్నాయి, ఆ ఆపరేషన్ ఆపేయాల్సి వచ్చింది. పోలీసు చర్య జరుగుతున్న చోట మీరుంటే కెమెరా ఎటు తిరిగి ఉందో మీకు తెలియాలి. ఎవరూ ఆపమనకపోయినా ఆపాలి.

ఏడుస్తున్న మనిషి దగ్గరికి వెళ్లేటప్పుడు

కెమెరా వెనకే వదిలేసి ముందు మీరొక్కరే వెళ్లండి. పక్కన కూర్చోండి. మీరెవరో, ఏ ఛానలో చెప్పండి, మాట్లాడటం ఇష్టమేనా అని అడగండి, వద్దంటే లేచి వచ్చేయండి. పక్క ఛానల్‌వాళ్లకు బైట్ దొరికింది మీకు దొరకలేదని ఆఫీసు నుంచి ఫోన్ వస్తుంది, రానివ్వండి. ‘మీకు ఎలా అనిపిస్తోంది’ అని ఎప్పుడూ అడగకండి. ‘ఆయన ఎలాంటి మనిషి?’ అని అడిగితే, మాట్లాడాలనుకునేవాళ్లు మాట్లాడతారు, కొన్నిసార్లు నవ్వుతూ కూడా మాట్లాడతారు. చిన్నపిల్లల మొహాలు, లైంగిక దాడి బాధితుల ఆనవాళ్లు చూపించకూడదన్నది అందరికీ తెలుసు. కానీ బ్లర్ చేసిన మొహం పక్కనే ఇంటి గుమ్మం, వీధి పేరు వదిలేస్తుంటారు, ఆ చుట్టుపక్కలవాళ్లకు అది చాలు గుర్తుపట్టడానికి. ఆత్మహత్య వార్తల విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2000లోనే మీడియాకు మార్గదర్శకాలు ఇచ్చింది, తర్వాత వాటిని సవరిస్తూ వస్తోంది. ఎలా చనిపోయారో వివరించొద్దు, ఒకే కారణానికి ముడిపెట్టొద్దు, సహాయం ఎక్కడ దొరుకుతుందో తప్పకుండా చెప్పాలి. మీ ఎడిటర్‌కి తెలియకపోతే మీరు చూపించండి.

ఒంటిని, మనసుని చూసుకోవడం

పొద్దున ఐదింటి బులెటిన్ అంటే అర్ధరాత్రి దాటాక రెండింటికి ఆఫీసులో ఉండాలి. నలుగురూ సెలవు తీసుకున్న రోజున మీకు డ్యూటీ ఉంటుంది. ఇది ఇంట్లోవాళ్లకు ముందే చెప్పి, ఒప్పించి రండి, మధ్యలో చెప్తే గొడవలవుతాయి. బ్యాగులో ఎప్పుడూ ఒక జత బట్టలు, పవర్ బ్యాంకు, నీళ్లు, టార్చి, మందులు, తడవని నోట్‌బుక్ ఉండాలి. సన్నని గీతల చొక్కాలు, చిన్న గళ్ల బట్టలు కెమెరాలో అలలుగా కదిలినట్టు కనబడతాయి, వేసుకోకండి.

వరద నీళ్లలో నడుం లోతున నిలబడి పీటీసీ చేయడం ధైర్యం కాదు. కింద మ్యాన్‌హోల్ మూత ఉందో లేదో, కరెంటు తీగ తెగిపడి ఉందో మీకు తెలియదు. గుంపుకీ పోలీసులకీ మధ్యలోకి వెళ్లకండి, పక్కనుంచి తీయండి. బండిని ఎప్పుడూ బయటికి తిరిగి ఉండేలా పార్క్ చేయించండి. ఓబీ వ్యాన్ (లైవ్ పంపే బండి) మాస్ట్, అంటే దాని మీద పైకి లేచే స్తంభం, లేపే ముందు తలెత్తి పైన తీగలు చూడాలి, రాత్రిపూట టార్చి వేసి చూడాలి. మాస్ట్ విద్యుత్ తీగకు తగిలి టీవీ సిబ్బంది ప్రాణాలు పోయిన సంఘటనలు ఉన్నాయి కాబట్టి దీన్ని డ్రైవర్ పనిలే అని వదిలేయకండి.

మనసు గురించి మా రోజుల్లో ఎవరూ మాట్లాడేవాళ్లు కాదు. శవాలు చూసొచ్చి అన్నం తిని మళ్లీ షిఫ్ట్‌కి వెళ్లేవాళ్లం, నిద్ర పట్టకపోతే టీ ఎక్కువైందనుకునేవాళ్లం. ఫీల్డ్‌కి వెళ్లినవాళ్లకే కాదు, రోజంతా ఎడిటింగ్ టేబుల్ దగ్గర కూర్చుని ఘోరమైన ఫుటేజీ బ్లర్ చేసేవాళ్లకూ ఇది జరుగుతుంది. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో తెచ్చిన డీఎస్‌ఎం-5లో (మానసిక జబ్బుల నిర్ధారణకు వాడే పుస్తకంలో) పీటీఎస్‌డీ, అంటే ఘోరమైన అనుభవం తర్వాత వచ్చే మానసిక సమస్య, గురించి రాస్తూ, టీవీలోనో ఫొటోల్లోనో చూడటం మామూలుగా లెక్కలోకి రాదని, అయితే ఉద్యోగంలో భాగంగా పదేపదే చూడాల్సి వస్తే అదీ లెక్కలోకి వస్తుందని ప్రత్యేకంగా పేర్కొంది. అంటే మీ బాధ బలహీనత కాదు, వైద్యులు గుర్తించిన విషయం. ఫుటేజీ చూసేటప్పుడు సౌండ్ అవసరం లేకపోతే తీసేయండి, స్క్రీన్ మీద ఆ వీడియో విండో చిన్నది చేయండి, మధ్యలో లేచి నడవండి. వారాల తరబడి నిద్ర రాకపోయినా, అవే దృశ్యాలు కళ్లముందు తిరుగుతున్నా డాక్టర్ దగ్గరికి వెళ్లండి. సెలవు అడగండి.

ఆ తర్వాత

మూడు నాలుగేళ్లకు మీకంటూ ఒక బీట్ ఉండాలి. కోర్టు, ఆరోగ్యం, వ్యవసాయం, సైన్స్, ఏదైనా సరే, ఏదైనా జరగగానే డెస్క్‌లో మీ పేరే గుర్తురావాలి. వార్త లేని రోజున కూడా సోర్సులకు ఫోన్ చేసి బాగోగులు అడగండి, అవసరానికి మాత్రమే ఫోన్ చేసే రిపోర్టర్‌కి నిజమైన కబురు ఎవరూ చెప్పరు. ఆఫ్ ద రికార్డ్ అని ఒప్పుకుంటే అది మీ నోటి దగ్గరే ఆగాలి, ఉద్యోగం మారినా సరే. యాంకరింగ్ మీద మనసుంటే ఫీల్డ్ చేసి వెళ్లండి, చదవాల్సింది తెర మీద చూపించే ప్రాంప్టర్ ఆగిపోయిన రోజున ఫీల్డ్ అనుభవం ఒక్కటే నిలబెడుతుంది. కెమెరా ముందు ఉండటం ఇష్టంలేనివాళ్లకు ప్రొడ్యూసర్, అవుట్‌పుట్ ఎడిటర్ ఉద్యోగాలున్నాయి, బులెటిన్ నిజంగా వాళ్ల చేతుల్లోనే ఉంటుంది. షోరీల్, అంటే మీ పనిలో మంచివి ఏరి కూర్చిన వీడియో, రెండు నిమిషాలకు మించకుండా పెట్టుకోండి, మంచి లైవ్ మొదటే పెట్టండి, అరవై సెకన్ల తర్వాత ఎవరూ చూడరు.

ఇంకొకటి చేయండి. మీరు చేసిన వార్తల తేదీలు, మనుషుల పేర్లు రాసుకుని, ఆరు నెలల తర్వాత వాటిలో ఒకదాని దగ్గరికి మళ్లీ వెళ్లండి. ఫాలోఅప్‌కి ఆఫీసు ఒప్పుకోకపోతే సెలవు రోజున వెళ్లండి. ఆ దుకాణాల వరుస దగ్గరికి నేనలాగే వెళ్లాను. పైన రేకులు కొత్తవి, సగం దుకాణాలు ఇంకా తెరుచుకోలేదు, పరిహారం కాగితాలు ఎక్కడో ఆగిపోయాయి. ఆవిడ అద్దెకు తెచ్చిన మిషన్ మీద కుడుతోంది. నన్ను గుర్తుపట్టి, కాలిపోయిన మిషన్‌కి మిగిలిన రెండు వాయిదాలూ కట్టేశానని చెప్పి, ‘అప్పుడు అంతమంది వచ్చారు, ఇప్పుడు కెమెరా తేలేదేం?’ అని అడిగింది. మర్నాడు కెమెరాతో వెళ్లాను.